దిగిపోయిన క్లబ్బులో మంచి ఆటగాణ్ణి పట్టుకోవడం ఎలా: ఫుట్‌బాల్ మేనేజర్ ఆడేవాళ్ళ కోసం

2019 మే 7న ఆన్‌ఫీల్డ్‌లో లివర్‌పూల్ 4-0తో బార్సిలోనాని ఓడించి ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌కి వెళ్ళిన మ్యాచ్ చాలామందికి గుర్తుండే ఉంటుంది. మొదటి మ్యాచ్‌లో 0-3తో ఓడి వచ్చిన జట్టు అది. విరామంలో ఆండీ రాబర్ట్‌సన్ గాయంతో ఆగిపోతే అతని బదులు దిగిన జార్జీనియో వైనాల్డమ్ రెండే నిమిషాల తేడాలో రెండు గోల్స్ కొట్టాడు. రెండోది షెర్దాన్ షకీరి వేసిన క్రాస్‌ని తలతో లోపలికి నెట్టిన గోల్. ఈ ముగ్గురినీ లివర్‌పూల్ కొన్నది ఇంగ్లండ్ మొదటి డివిజన్ అయిన ప్రీమియర్ లీగ్ నుంచి అప్పుడే కింది డివిజన్‌కి పడిపోయిన క్లబ్బుల దగ్గర. వైనాల్డమ్ 2016లో న్యూకాజిల్ నుంచి, రాబర్ట్‌సన్ 2017లో హల్ సిటీ నుంచి, షకీరి 2018లో స్టోక్ సిటీ నుంచి వచ్చారు. రాబర్ట్‌సన్‌కి మొదట కట్టిన సొమ్ము 80 లక్షల పౌండ్లే.

క్లబ్‌ని మీరే నడిపే కంప్యూటర్ ఆట ఫుట్‌బాల్ మేనేజర్‌లో ఇదే దారి మీకూ ఉంది. క్లబ్ దిగిపోగానే దాని పేరు తగ్గుతుంది, ఆదాయం తగ్గుతుంది, పెద్ద జీతాలు బరువవుతాయి, మంచి ఆటగాళ్ళు పై లీగ్‌లో ఆడాలని బయటికి చూస్తారు. ఇవన్నీ ఒకే నెలలో జరుగుతాయి. పాయింట్ల పట్టిక చెప్పేది జట్టు సంగతి. ఆ జట్టులో ఉన్న ఒక్కొక్క ఆటగాడు ఎలాంటివాడో మీరే విడిగా తేల్చుకోవాలి. ఈ పద్ధతిలో ఉన్న పనంతా అదే. మెనూల పేర్లు, వాటి చోట్లు ఎడిషన్ ఎడిషన్‌కీ మారుతుంటాయి కాబట్టి ఎక్కడ నొక్కాలో చెప్పను, ఏం చూడాలో చెబుతాను.

ఫిబ్రవరిలోనే జాబితా మొదలుపెట్టండి

మే నెలాఖరులో పట్టిక తేలాక వెతకడం మొదలుపెడితే మంచివాళ్ళు అప్పటికే వేరే క్లబ్బులతో మాట్లాడుతుంటారు. ఆటగాళ్ళని గమనించి మీకు నివేదిక ఇచ్చే స్కౌట్‌కి ఒక ఆటగాడు పూర్తిగా అర్థం కావాలంటే వారాలు పడుతుంది. అప్పటిదాకా అతని ఒక్కో లక్షణానికి మీకు కనిపించేవి 20కి 11 నుంచి 15 మధ్య అన్నట్టుండే అంచనాలే. ఆ అంచనా 11 దగ్గర తేలితే మీ బెంచ్ మీద కూడా పనికిరాడు, 15 దగ్గర తేలితే మీ జట్టులో మొదటి పేరు అవుతాడు. అంత తేడాని చూసుకోకుండా డబ్బు కట్టకూడదు.

ఇంగ్లండ్, స్పెయిన్, ఇటలీ మొదటి డివిజన్లలో 20 జట్లుంటే అడుగున ఉన్న మూడు దిగిపోతాయి. జర్మనీ, ఫ్రాన్స్‌లలో 18 జట్లు. చివరి రెండూ నేరుగా దిగుతాయి, 16వ జట్టు కింది డివిజన్ జట్టుతో ప్లే-ఆఫ్ ఆడి గట్టెక్కాలి. ఫిబ్రవరి చివర్లో ఒక్కో లీగ్‌లో అడుగున ఉన్న ఐదు జట్లని తీసుకోండి. అందులో రెండు గట్టెక్కినా మీ శ్రమ వృథా కాదు, ఆ సమాచారం వచ్చే ఏడాదికీ పనికొస్తుంది.

జట్టుమొత్తాన్నీ స్కౌట్ చేయించకండి. ఒక్కో క్లబ్‌లో ముగ్గురు నలుగురు చాలు. సీజన్‌లో ఎక్కువ నిమిషాలు ఆడిన కుర్రాళ్ళు, మీ జట్టులో ఖాళీగా ఉన్న స్థానానికి సరిపోయేవాళ్ళు, ఆ క్లబ్‌లో అందరికంటే మంచి రేటింగ్ తెచ్చుకున్నవాడు. వీళ్ళని షార్ట్‌లిస్ట్‌లో పెట్టి, మే మొదటి వారానికల్లా నివేదికలు చేతికి వచ్చేలా స్కౌట్లని పంపండి. మీ బడ్జెట్ చిన్నదై స్కౌట్లు ఇద్దరే ఉంటే ఒక్క లీగ్‌కే పరిమితం కండి. ఐదు లీగ్‌ల మీద అరకొరగా తెలుసుకోవడం కంటే ఒక్క లీగ్‌ని బాగా తెలుసుకోవడం నయం.

కాంట్రాక్ట్ పేజీ దగ్గర కాస్త ఆగండి

చాలామంది ఆటగాడి విలువ అంకె చూసి నేరుగా ఆఫర్ పెట్టేస్తారు. దానికంటే ముందు కాంట్రాక్ట్ పేజీ తెరవండి. అక్కడ మూడు సంగతులు చూడాలి.

మొదటిది, రెలిగేషన్ రిలీజ్ క్లాజ్. క్లబ్ దిగిపోతే ఇంత సొమ్ముకి ఆటగాణ్ణి వదిలేయాలి అని ముందే రాసుకున్న షరతు. ఆ మొత్తం మీరు కడితే క్లబ్ కాదనలేదు, ఇక మాట్లాడాల్సింది ఆటగాడితోనే. లియామ్ డెలాప్ సంగతి తీసుకోండి. 2024లో ఇప్స్‌విచ్ టౌన్ అతన్ని మాంచెస్టర్ సిటీ నుంచి తెచ్చుకుంది. 2024-25 సీజన్‌లో ప్రీమియర్ లీగ్‌లో 12 గోల్స్ కొట్టాడు, ఇప్స్‌విచ్ మాత్రం దిగిపోయింది. అతని కాంట్రాక్ట్‌లో ఆ షరతు మొత్తం 3 కోట్ల పౌండ్లు. ధర అందరికీ ఒకటే కాబట్టి చాలా క్లబ్బులు వెంటపడ్డాయి, చివరికి అతను చెల్సీని ఎంచుకున్నాడు. ఆటలోనూ సరిగ్గా ఇదే జరుగుతుంది. క్లాజ్ ఉన్నచోట ధర తగ్గించడానికి బేరమాడుతూ కూర్చుంటే మీ పక్క క్లబ్ పూర్తి సొమ్ము కట్టి మాట్లాడేస్తుంది. క్లాజ్ మొత్తం మీ బడ్జెట్‌లో ఉంటే, ఆటగాడు నిజంగా కావాలనుకుంటే, దిగిపోవడం ఖాయమైన రోజే ఆఫర్ పెట్టండి. పోటీ అంతా జీతం, ఆడే అవకాశం, మీ క్లబ్ పేరు దగ్గరే ఉంటుంది.

రెలిగేషన్‌తో సంబంధం లేని మామూలు రిలీజ్ క్లాజ్‌లూ ఉంటాయి. ప్రపంచకప్ గెలిచిన బెంజమిన్ పవార్ స్టుట్‌గార్ట్‌లో ఉండగా అతని క్లాజ్ 3.5 కోట్ల యూరోలు. బాయర్న్ మ్యూనిక్ ఆగకుండా 2019 జనవరిలోనే ఒప్పందం కుదుర్చుకుంది. మే నెలలో స్టుట్‌గార్ట్ ప్లే-ఆఫ్‌లో యూనియన్ బెర్లిన్ చేతిలో పోయి దిగిపోయింది. క్లాజ్ ఇప్పటికే తెరిచి ఉంటే జట్టు పడిపోయేదాకా ఎదురుచూడాల్సిన పనే లేదు. జనవరిలోనే మాట్లాడుకుని వేసవిలో తెచ్చుకోవచ్చు.

రెండోది, కాంట్రాక్ట్ ఎప్పటితో అయిపోతుంది. 2023లో లెస్టర్ సిటీ దిగిపోయినప్పుడు యూరీ టీలెమాన్స్ కాంట్రాక్ట్ అదే వేసవిలో ముగిసింది, ఆస్టన్ విల్లా అతన్ని ఉచితంగా తెచ్చుకుంది. అదే క్లబ్ నుంచి జేమ్స్ మాడిసన్ కోసం టోటెన్‌హామ్ సుమారు 4 కోట్ల పౌండ్లు కట్టింది. కాబట్టి ఆఫర్ పెట్టే ముందు తేదీ చూడండి. వేరే దేశం క్లబ్ నుంచి అయితే కాంట్రాక్ట్‌లో ఆర్నెల్ల కంటే తక్కువ మిగిలినప్పుడే ముందస్తు ఒప్పందం చేసుకోవచ్చు. ఒక్క ఏడాది మిగిలినవాడి విషయంలో కూడా క్లబ్ చెయ్యి బలహీనంగానే ఉంటుంది. కింది డివిజన్‌లో ఉండి కొత్త కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టమంటే అతను ఒప్పుకోడు, అమ్మకపోతే వచ్చే ఏడాది చేతికి రూపాయి రాదు.

మూడోది, దిగిపోతే జీతం ఎంత శాతం తగ్గాలి అన్న షరతు. ఇది ఉన్న ఆటగాడికి ఆ వేసవిలో జీతం బాగా పడిపోతుంది. మీరు అతని పాత జీతానికి దగ్గరగా ఇచ్చినా అతనికి పెద్ద పెరుగుదలే. ఇది లేనివాణ్ణి క్లబ్ ఎలాగైనా వదిలించుకోవాలని చూస్తుంది, కానీ అతను మాత్రం పాత జీతం కంటే ఎక్కువ అడుగుతాడు. ఒకడి దగ్గర ఆటగాడితో మాట సులువు, ఇంకొకడి దగ్గర క్లబ్‌తో మాట సులువు. ఎవరితో గట్టిగా మాట్లాడాలో ఆ ఒక్క గీత చెబుతుంది.

ఓడిపోయే జట్టులో అంకెలు ఎలా చదవాలి

అసలు నేర్పు ఇక్కడ కావాలి. ఓడిపోయే జట్టు బంతి లేకుండా ఎక్కువసేపు ఆడుతుంది, తన గోల్ దగ్గర ఎక్కువసేపు ఉంటుంది. దాంతో కొందరి అంకెలు ఉన్నదానికంటే మెరుగ్గా, కొందరివి ఉన్నదానికంటే అధ్వాన్నంగా కనిపిస్తాయి.

గోల్‌కీపర్‌కి ఆపిన షాట్ల సంఖ్య ఎక్కువ వస్తుంది, ఎందుకంటే అతని మీదికి వచ్చేవే ఎక్కువ. ఆ సంఖ్యని పక్కన పెట్టి, ఎదురైన షాట్ల నాణ్యతని బట్టి ఎన్ని గోల్స్ రావాల్సింది, నిజంగా ఎన్ని వచ్చాయి అన్న తేడా చూడండి. 2016-17లో సండర్‌లాండ్ పట్టికలో అట్టడుగున ముగిసింది. ఆ జట్టు గోల్‌కీపర్ జోర్డాన్ పిక్‌ఫోర్డ్ కోసం ఎవర్టన్ మొదట కట్టిన 2.5 కోట్ల పౌండ్లు అప్పట్లో చాలామందికి ఎక్కువగా తోచింది. మరుసటి ఏడాది ప్రపంచకప్‌లో ఇంగ్లండ్ గోల్ ముందు నిలబడింది అతనే.

సెంటర్ బ్యాక్‌లకి క్లియరెన్సులు, అడ్డుకున్న షాట్లు విపరీతంగా ఉంటాయి. అవి చూసి మురిసిపోకండి. గాలిలో పోటీల్లో ఎంత శాతం గెలిచాడు, టాకిళ్ళలో ఎంత శాతం గెలిచాడు, పొరపాటుతో ఇచ్చిన గోల్స్ ఎన్ని అన్నవి చూడండి. మీ జట్టు బంతి దగ్గరపెట్టుకుని ఆడేది అయితే అతని పాసింగ్, నిబ్బరం, వేగం కూడా కావాలి. లోతుగా నిలబడి రక్షించే జట్టులో గొప్పగా ఆడినవాడు మీ డిఫెన్స్ లైన్ మైదానం మధ్యలో ఉన్నప్పుడు వెనక్కి పరిగెత్తలేకపోవచ్చు. ఇలాంటి కొనుగోళ్ళలో ఎక్కువగా బెడిసేది ఇక్కడే. హ్యారీ మాగ్వైర్ విషయంలో ఇది చక్కగా కుదిరింది. హల్ 2017లో దిగిపోతే లెస్టర్ అతన్ని మొదటగా 1.2 కోట్ల పౌండ్లకి తీసుకుంది. బంతితో ముందుకి నడిచే సెంటర్ బ్యాక్ ఆ జట్టుకి సరిపోయాడు, రెండేళ్ళ తర్వాత 8 కోట్లకి మాంచెస్టర్ యునైటెడ్‌కి వెళ్ళాడు.

స్ట్రైకర్లకీ వింగర్లకీ దీనికి తలకిందులు. బంతే అందకపోతే గోల్స్ ఎక్కడి నుంచి వస్తాయి? మొత్తం గోల్స్ బదులు వచ్చిన అవకాశాల్లో ఎన్ని గోల్ అయ్యాయి, తొంభై నిమిషాలకి ఎన్ని డ్రిబుల్స్ గెలిచాడు, ఎన్నిసార్లు పెనాల్టీ బాక్స్‌లో బంతి అందుకున్నాడు అని చూడండి. 38 మ్యాచ్‌లలో 35 గోల్స్ కొట్టిన జట్టులో ఒకడు 9 గోల్స్ కొట్టాడంటే జట్టు గోల్స్‌లో పావు వంతు అతనివే. అలాంటివాడు మంచి పాస్‌లు వచ్చే జట్టులో ఏం చేస్తాడో ఊహించండి.

ఇంకొక పరీక్ష చాలామంది చేయరు: సొంత మైదానం, బయటి మైదానం విడదీసి చూడటం. వైనాల్డమ్ 2015-16లో న్యూకాజిల్‌కి లీగ్‌లో 11 గోల్స్ కొట్టాడు. పదకొండూ సొంత మైదానంలోనే, అందులో నాలుగు నార్విచ్ మీద ఒకే మ్యాచ్‌లో. 11 గోల్స్ అన్న అంకె చూసి అతన్ని గోల్స్ కోసం కొంటే నిరాశ పడేవాళ్ళు. లివర్‌పూల్ అతన్ని పరిగెత్తే, బంతి పోనివ్వని మిడ్‌ఫీల్డర్‌గా వాడుకుంది. ఆటలో మీకు మ్యాచ్‌ల జాబితా ఉంటుంది. ఆటగాడి రేటింగ్‌లు ఏ మ్యాచ్‌లలో వచ్చాయో ఒకసారి కిందికి పోనిచ్చి చూడండి. పైనున్న ఆరు జట్ల మీద కూడా 10కి 7 దగ్గర నిలబడినవాడు దొరికితే వదలకండి.

అంకెలతో పాటు లక్షణాల్లో నేను మొదట చూసేవి పట్టుదల, కష్టపడే గుణం, నిబ్బరం. ఇవి 20కి 14 దాటి ఉంటే, పడిపోయే జట్టులో ఏడాదంతా ఆడినవాడు కొత్త చోట నిలదొక్కుకుంటాడని నమ్మవచ్చు. ఆ తర్వాత స్కౌట్ నివేదికలో నిలకడ గురించి, గాయాల గురించి రాసిన వాక్యాలు పూర్తిగా చదవండి. ఆ రెండూ అంకెలుగా కనబడవు, నివేదికలో మాటలుగానే వస్తాయి.

బేరం

క్లాజ్ లేనప్పుడు క్లబ్ ఎంత తొందరలో ఉందో అంచనా వేయాలి. ప్రీమియర్ లీగ్ నుంచి దిగిన క్లబ్బుకి పారాచూట్ చెల్లింపులు వస్తాయి: పై లీగ్ క్లబ్బులన్నీ సమానంగా పంచుకునే ప్రసార వాటాలో మొదటి ఏడాది 55 శాతం, రెండో ఏడాది 45, మూడో ఏడాది 20. ఒక్క సీజన్ మాత్రమే పైన ఉండి దిగినవాళ్ళకి మూడో ఏడాదిది రాదు. అందుకే ఇంగ్లండ్ క్లబ్బులు మొదటి వేసవిలో కొంచెం మొండిగా ఉంటాయి. ఏడాదిలో తిరిగి పైకి రాకపోతే రెండో వేసవిలో మెత్తబడతాయి. ఆ ఆటగాడు మీకు వెంటనే అవసరం కాకపోతే ఆ రెండో వేసవిని గుర్తు పెట్టుకోండి. అంత ఆసరా లేని లీగ్‌లలో క్లబ్బులు మొదటి నెలలోనే దిగివస్తాయి. 2012లో విల్లారియల్ దిగిపోయినప్పుడు ఫియోరెంటీనా అక్కడి నుంచి బోర్హా వలేరో, గొన్సాలో రోడ్రిగెజ్ ఇద్దరినీ ఒకే వేసవిలో తెచ్చుకుంది.

ఆఫర్‌లో మొత్తం సొమ్మూ ముందే కట్టకండి. సగం ముందు, మిగతాది రెండు మూడేళ్ళలో వాయిదాలు, కొన్ని మ్యాచ్‌లు ఆడాక ఇంకొంత అని పెట్టండి. డబ్బు వెంటనే కావలసిన క్లబ్ అయితే ఒప్పుకోదు. అప్పుడు మొత్తం తగ్గించి, పూర్తిగా ముందే కడతామనండి. వాళ్ళు తర్వాతి అమ్మకంలో వాటా అడిగితే 10 శాతం దాకా ఇవ్వచ్చు, కుర్రాడు అయితే అంతకంటే పైకి వెళ్ళకండి. మాగ్వైర్ లెక్కన రెండేళ్ళలో ధర అన్ని రెట్లయితే ఆ వాటా మిమ్మల్నే కొరుకుతుంది.

జూన్‌లో వాళ్ళు చెప్పే ధర, ఆగస్టు చివరి వారంలో చెప్పే ధర ఒకటి కాదు. ఆటగాడు అసంతృప్తితో ఉండి, పోటీ పెద్దగా లేకపోతే ఆగవచ్చు. కానీ మీ జట్టులో ఆ స్థానం ఖాళీగా ఉంటే ఆగకండి, దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి. ప్రీ-సీజన్ మొత్తం మీ జట్టుతో ఉన్నవాడు, బదిలీల గడువు (విండో) చివరి రోజున వచ్చినవాడు ఒకేలా ఆడరు.

కొనే డబ్బు లేకపోతే ఆటగాణ్ణి ఒక సీజన్‌కి లోన్ మీద ఇమ్మని అడగండి. 2023లో లీడ్స్ దిగిపోయాక బ్రెండన్ ఆరన్సన్ యూనియన్ బెర్లిన్‌కి, రాబిన్ కోఖ్ ఫ్రాంక్‌ఫర్ట్‌కి, మాక్స్ వోబర్ గ్లాడ్‌బాఖ్‌కి లోన్ మీదే వెళ్ళారు. జీతంలో మీ వాటా ఎంతో మాట్లాడుకుని, సీజన్ చివర కొనే హక్కు కూడా రాయించుకోండి.

కొందరు మాత్రం ఎంతిచ్చినా కదలరు, వాళ్ళ మీద వారాలు వృథా చేయకండి. 2006లో యువెంటస్‌ని ఇటలీ రెండో డివిజన్ సీరీ బికి దించినప్పుడు కన్నవారో రియల్ మాడ్రిడ్‌కి, ఇబ్రహిమోవిచ్ ఇంటర్‌కి, తురామ్ బార్సిలోనాకి వెళ్ళిపోయారు. బుఫాన్, డెల్ పియెరో, నెద్వెద్, ట్రెజెగే అక్కడే ఉండి ఆడారు. ఆటలో ఆ క్లబ్ అతనికి ఇష్టమైన క్లబ్బుల జాబితాలో ఉందా, చిన్నప్పటి నుంచి అక్కడే పెరిగాడా అని చూస్తే ముందే తెలిసిపోతుంది.

జీతం, చోటు

ఆటగాడితో మాట్లాడేటప్పుడు ఆడే అవకాశం గురించి పెద్ద మాట ఇవ్వకండి. దిగిపోయిన క్లబ్‌లో అతనే నాయకుడు, మీ దగ్గర పదకొండు మందిలో ఒకడు. క్రమం తప్పకుండా ఆడతావు అని చెప్పి ఒప్పించగలిగితే చాలు. కీలక ఆటగాడివి అని మాటిచ్చి బెంచ్ మీద కూర్చోబెడితే అక్టోబర్‌కల్లా మీ గది తలుపు కొడతాడు. జీతం మీ జట్టులో మూడో నాలుగో స్థానంలో ఉన్నవాడికంటే దాటకూడదు. దాటితే మిగతావాళ్ళ ఏజెంట్లు వరసగా వస్తారు.

మీరు ప్రీమియర్ లీగ్‌లో ఉంటే ఇంకొక లాభం ఉంది. 25 మంది జాబితాలో హోమ్‌గ్రోన్ (21 ఏళ్ళ లోపు మూడేళ్ళు ఇంగ్లండ్ లేదా వేల్స్ క్లబ్బుల్లో ఉన్నవాళ్ళు) కానివాళ్ళు 17 మందికి మించకూడదు. దిగిపోయిన ఇంగ్లిష్ క్లబ్ నుంచి వచ్చే కుర్రాళ్ళలో చాలామంది హోమ్‌గ్రోన్ కిందికే వస్తారు, వర్క్ పర్మిట్ తలనొప్పీ ఉండదు.

ఒకే వేసవిలో ఇలాంటివాళ్ళని ఇద్దరు ముగ్గురికి మించి తీసుకోకండి. ఒక్కొక్కరు మంచివాళ్ళే అయినా అందరూ ఓటముల ఏడాది నుంచి వస్తారు, మొదటి నెలల్లో వాళ్ళ మనోబలం తక్కువగా ఉంటుంది. గెలుపుకి అలవాటుపడిన ఆటగాళ్ళ మధ్యలో పెడితే తేరుకుంటారు.

అదే ఆటగాడు మళ్ళీ దిగిపోయినా భయపడనక్కర్లేదు. ఆరన్ రామ్స్‌డేల్ 2020లో బోర్న్‌మత్‌తో దిగాడు, షెఫీల్డ్ యునైటెడ్‌కి వెళ్ళి 2021లో ఆ జట్టుతోనూ దిగాడు. ఆ వేసవిలోనే ఆర్సెనల్ అతన్ని తీసుకుంది. 2022-23లో ఆర్సెనల్ లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది, తోటి ఆటగాళ్ళు ఓటేసి ఎంచిన ఆ ఏటి జట్టులో గోల్‌కీపర్ రామ్స్‌డేల్.

మీరే కింద ఉంటే

చిన్న క్లబ్ నడిపేవాళ్ళకీ ఇదే పద్ధతి ఒక మెట్టు కింద పనిచేస్తుంది. మీరు ఇంగ్లండ్ రెండో డివిజన్ ఛాంపియన్‌షిప్‌లో ఉంటే అక్కడి నుంచి మూడోదైన లీగ్ వన్‌కి దిగే మూడు జట్లని, నాలుగోదైన లీగ్ టూలో ఉంటే అక్కడి నుంచి బయటికి పోయే జట్లని చూడండి. అక్కడ కాంట్రాక్ట్‌లు తక్కువ కాలానివి కాబట్టి ఉచితంగా దొరికేవాళ్ళు ఎక్కువ.

ఇప్పుడే పైకి ఎక్కిన జట్టు మీదైతే, వచ్చే మే నెలలో ఇంకొకడు మీ ఆటగాళ్ళ కాంట్రాక్ట్ పేజీలు ఇలాగే చదువుతాడు. ఈ వేసవిలో రాసే ప్రతి కాంట్రాక్ట్‌లోనూ దిగిపోతే జీతం తగ్గే షరతు పెట్టించండి. ఏజెంట్ రెలిగేషన్ రిలీజ్ క్లాజ్ అడిగితే మొదట కాదనండి. తప్పనిసరైతే మీరు కొన్న ధరకి రెట్టింపు దగ్గర మొదలుపెట్టి, జీతం కాస్త పెంచి, ఆ అంకెని కిందికి రాకుండా పట్టుకోండి.